సస్కాచెవాన్ బఠాణీ, తాండూరు కంది

కంది కోతల వేళకి ప్రతి ఏడూ మార్కెట్ యార్డుల్లో ఒక మాట తిరుగుతుంది. "కెనడా సరుకు దిగింది, ధర రాదు" అని. కమీషన్ ఏజెంటు ఆ మాటే అంటాడు, పప్పుమిల్లు మనిషీ ఆ మాటే అంటాడు. ఆఖరికి రైతు కూడా "ఏం చేస్తాం, కెనడా వాడు చంపేస్తున్నాడు" అనుకుంటూ వచ్చినకాడికి బస్తాలు వదిలేసి ఇంటికొస్తాడు. ఆ కెనడా వాడు ఎవరు, వాడి నేల ఎట్లాంటిది, వాడి పంట ఎవరి చేతుల మీదుగా మన రేవుకి చేరుతున్నది అన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. దిగుమతుల మీద సుంకం కోసం మనం పోరాడవలసిందే. అందులో రెండో మాట లేదు. కాని పోరాటం ఎవరి మీదో తెలియకపోతే కేకలు గాలిలో కలిసిపోతాయి.

ముందొక సంగతి తేల్చుకోవాలి. కెనడాలో కంది పండదు. మనకి బయటినుంచి వచ్చే కందులు బర్మా నుంచి, మొజాంబిక్ వంటి ఆఫ్రికా దేశాల నుంచి వస్తాయి. కెనడా నుంచి వచ్చేవి పసుపు బఠాణీలు, ఎర్రపప్పు. ఆ ఎర్రపప్పునే మనవాళ్లు మైసూరుపప్పు అంటారు, మైసూరుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. పసుపు బఠాణీ బద్ద చూడటానికి శనగపప్పులాగే వుంటుంది. పిండి కొడితే శనగపిండిలో కలిసిపోతుంది. చవక గనక హోటళ్లవాళ్లు, మిఠాయి దుకాణాలవాళ్లు, పిండిమిల్లులవాళ్లు దాన్నే కొంటారు. దాంతో ప్రకాశంలో, కర్నూలులో శనగ దిగుతుంది, శనగ దిగితే తాండూరులో కందీ దిగుతుంది. ఒక పప్పు ధర ఇంకో పప్పుని లాగుతుంది.

ఈ బఠాణీ, ఈ ఎర్రపప్పు ఎక్కువగా పండే చోటు పేరు సస్కాచెవాన్. కెనడా పడమటి మైదానాల్లో వున్న మూడు రాష్ట్రాల్లో నడిమిది. కెనడా ఎర్రపప్పులో పదింట తొమ్మిది పాళ్లు అక్కడివే. మ్యాపు తీసి చూస్తే నవ్వొస్తుంది. దాని నాలుగు హద్దులూ స్కేలు పెట్టి గీసినవే, ఏ కొండా ఏ నదీ దానికి సరిహద్దు కాదు. విస్తీర్ణం 6 లక్షల 51 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ కలిపినా దానిలో సగం కూడా రావు. జనం ఎంతమంది? 2021 లెక్కల్లో 11 లక్షల 32 వేలు. మన విజయవాడ ఒక్కదాంట్లోనే దాదాపు అంతమంది వున్నారు.

ఉత్తర సగమంతా అడవి, బండరాయి, దాదాపు లక్ష చెరువులు. అక్కడ వ్యవసాయం లేదు, యురేనియం గనులున్నాయి. 2015లో మన ప్రభుత్వం అణువిద్యుత్తు కోసం కొనడానికి ఒప్పందం చేసుకున్న యురేనియం అక్కడిదే. దక్షిణ సగం చెట్టులేని మైదానం. కెనడా మొత్తం పంటభూమిలో నూటికి 40 పాళ్లకు పైగా ఈ ఒక్క రాష్ట్రంలోనే వున్నది. ఇంత భూమి చూసి అక్కడ నీళ్లు పొంగిపొర్లుతాయి అనుకోకండి. రాజధాని రెజీనా చుట్టుపక్కల ఏడాదికి పడే వాన, మంచు కలిపి 400 మిల్లీమీటర్ల లోపే. మన అనంతపురంలో అంతకంటే ఎక్కువ పడుతుంది! చలికాలం పొడుగు, ఒక్కోసారి సున్నాకి 40 డిగ్రీల దిగువకి పోతుంది. మంచు కురవని రోజులు నూటపాతిక లోపు. మే నెలలో విత్తితే ఆగస్టు, సెప్టెంబరుకల్లా పంట ఇంటికి చేరాలి. ఆలస్యమైతే మంచు తినేస్తుంది. 1857లో జాన్ పాలిజర్ అనే ఆయన్ని సర్వేకి పంపితే, దక్షిణాన వున్న త్రికోణం మరీ ఎండునేల, సేద్యానికి పనికిరాదని రాశాడు. భూమి అమ్మాలనుకున్న వాళ్లకి ఆ మాట రుచించలేదు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఆ రాష్ట్రానికి సముద్రం లేదు. పడమటి రేవు వాంకూవర్‌కి పోవాలంటే కొండలు దాటి పదిహేను వందల కిలోమీటర్ల పైమాట. పండిన గింజలో తినేవాళ్లు అక్కడ లేరు, దాదాపు అంతా బయటికి పోవలసిందే. అందుచేత సస్కాచెవాన్ రైతు బతుకు పొలంలో తేలదు, రైలు పట్టాల మీద తేలుతుంది. దారి చేతిలో పెట్టుకున్నవాడు పంటని చేతిలో పెట్టుకున్నట్టే. ఆ రాష్ట్రం నూట ఇరవై ఏళ్ల చరిత్రంతా ఈ దారి కోసం జరిగిన పెనుగులాటే అని మేము అనుకుంటున్నాం.

ఆ నేల ముందు ఎవరిది? క్రీ, సోటో, డకోటా, డెనే జాతుల వాళ్లది, మేటీలనే మిశ్రమజాతి వాళ్లది. అడవిదున్నల మందలే వాళ్లకి తిండి, బట్ట, గుడారం. చర్మాల వ్యాపారం కోసం ఆ మందల్ని పదేళ్లలో తుడిచిపెట్టారు. ఆకలితో మాడుతున్న జనం చేత 1874లో, 1876లో ఒడంబడికల మీద గుర్తులు పెట్టించుకున్నారు. 1885లో మేటీలు, క్రీలు తిరగబడ్డారు. బటోష్ దగ్గర వాళ్లని ఓడించటానికి సైన్యం సగం కట్టిన రైలు మీదే వచ్చింది. నాయకుడు లూయీ రియెల్‌ని అదే ఏడు నవంబరు 16న రెజీనాలో ఉరితీశారు. తర్వాత పదకొండు రోజులకి బాటిల్‌ఫోర్డ్‌లో ఇంకో ఎనిమిదిమంది గిరిజన యోధుల్ని ఒకేసారి ఉరితీశారు.

ఆ తర్వాత జరిగినది మన పాఠకులు జాగ్రత్తగా చదవాలి. కేటాయించిన కొద్ది భూముల్లో ఆ జాతులవాళ్లు సేద్యం నేర్చుకుని బాగానే పండించటం మొదలుపెట్టారు. పక్కనున్న తెల్ల రైతులకి పోటీ వస్తున్నదని గోల. దాంతో 1889 నుంచి ప్రభుత్వం కొత్త నియమం పెట్టింది. గిరిజన రైతు యంత్రాలు వాడకూడదు, కొడవలితో కొయ్యాలి, చేత్తోనే పనిచెయ్యాలి. పండిన గింజ అమ్ముకోవాలంటే ప్రభుత్వ ఏజెంటు చీటీ యివ్వాలి. చీటీ లేకపోతే అమ్మకం నేరం. "ఆదివాసీకి సేద్యం చేతకాదు" అని వెక్కిరించే పెద్దమనుషులు ఏజెన్సీలోనూ వున్నారు. 1/70 చట్టం వున్న చోట కూడా భూములు ఎట్లా చేతులు మారాయో మనకి తెలుసు. చేతకాకుండా చేసిందెవరో సస్కాచెవాన్ కాగితాల్లో రాసి వుంది. నేటికీ ఆ రాష్ట్రంలో ఆరుగురిలో ఒకరు ఆ జాతులవాళ్లే.

ఇట్లా ఖాళీ చేయించిన నేలని చదరంగపు గళ్లలాగ కొలిచారు. ఒక్కో గడి 640 ఎకరాలు. 1872 చట్టం ప్రకారం గడిలో నాలుగోవంతు, అంటే 160 ఎకరాలు, పది డాలర్ల రుసుముకి వలస వచ్చినవాడికి యిచ్చారు. మూడేళ్లు అక్కడే వుండి సాగులోకి తేవాలి. మంచి ఆదర్శంలాగే కనిపిస్తుంది గదా? అదే చేత్తో కెనడియన్ పసిఫిక్ రైల్వే కంపెనీకి 1881లో ఎంత యిచ్చారో చూడండి. రెండుకోట్ల యాభై లక్షల ఎకరాలు, దాని మీద రెండుకోట్ల యాభై లక్షల డాలర్లు. రైతుకి గడిలో పావు, కంపెనీకి దేశంలో ముక్క. వచ్చినవాళ్లలో పదిమందికి నలుగురు నిలదొక్కుకోలేక వదిలేసి పోయారని చరిత్రకారుల లెక్క.

వున్నవాళ్లు గోధుమ పండించారు. పట్టాల పక్కన ప్రతి స్టేషన్లోనూ ఎత్తైన చెక్క గోదాము వుండేది, దాన్ని ఎలివేటరు అంటారు. రైతు బండి తోలుకొచ్చి అందులో పొయ్యాలి. తూకం వాళ్లదే, తేమ వాళ్లు చెప్పిందే, మట్టి వుందని తరుగు వాళ్లు తీసిందే, రకం వాళ్లు పెట్టిందే. మన రైసుమిల్లు దగ్గర వడ్ల తరుగు మీద తగాదా పడ్డ ఎవరికైనా ఇది కొత్త కథలాగ అనిపించదు. రైల్వే వాళ్లు ఎలివేటరు కంపెనీలకే బోగీలిచ్చేవాళ్లు, రైతు నేరుగా బోగీ అడిగితే లేదనేవాళ్లు.

1901లో పంట విరగపండింది. బోగీలు రాలేదు. సగం ధాన్యం పొలాల్లోనే, గోదాముల ముందే పాడైపోయింది. ఆ డిసెంబరులో ఇండియన్ హెడ్ అనే చిన్న ఊళ్లో (పేరు చూసి మోసపోకండి, మనదేశంతో సంబంధం లేదు) రైతులు కూడి సంఘం పెట్టుకున్నారు. మరుసటేడు సింటలూటా స్టేషన్‌లో, వరస ప్రకారం రైతులకి బోగీలివ్వలేదని రైల్వే ఏజెంటు మీద కేసు పెట్టారు. దేశమంతటినీ శాసిస్తున్న కంపెనీ మీద మట్టికాళ్ల రైతుల కేసు! గెలిచారు. కంపెనీ పై కోర్టుకి పోయినా రైతులదే గెలుపు. బోగీల పుస్తకంలో ఎవరి పేరు ముందుంటే వాళ్లకే బోగీ అన్నది ఆ రోజు నుంచి నిలబడింది.

ఒక్క కేసుతో ఆగలేదు. 1911లో సొంత సహకార ఎలివేటర్లు కట్టుకున్నారు. 1924లో సస్కాచెవాన్ వీట్ పూల్ పెట్టారు. ఊరూరా తిరిగి, రాష్ట్రంలో గోధుమ విస్తీర్ణంలో సగం పైగా రైతుల చేత, పంట పూల్‌కే యిస్తామని సంతకాలు చేయించారు. అందరి గింజా ఒకచోట చేర్చి అమ్మి, ఏడాది సగటు ధర అందరికీ పంచారు. తొందరలో వున్నవాడు కోతల నాడు అయినకాడికి అమ్ముకోవలసిన అగత్యం తప్పింది. 1929 తర్వాత ప్రపంచ మాంద్యంలో ధర కూలిపోయి పూల్ దివాలా అంచుకి పోయింది. అప్పుడు రైతులు ప్రభుత్వం మెడ మీద కూచుని 1935లో గోధుమ బోర్డు తెప్పించుకున్నారు. 1943 నుంచి పడమటి రాష్ట్రాల గోధుమంతా ఆ బోర్డు ఒక్కటే అమ్మింది. బడా కంపెనీ ఎంత పెద్దదైనా కొనాలంటే ఆ ఒక్క గుమ్మం దగ్గరికే రావాలి. రైలు కిరాయి పెంచకుండా 1897 నాటి ఒప్పందం ఒకటి వుండేది, దాన్ని క్రో రేటు అనేవాళ్లు. గుమ్మం ఒకటే, కిరాయి కట్టడి. ఈ రెంటి మీదా సముద్రంలేని రాష్ట్రపు రైతు నిలబడ్డాడు.

ముప్పయ్యో దశకంలో కరువు, మాంద్యం కలిసి వచ్చాయి. గాలికి పైమట్టి లేచిపోయింది, పాలిజర్ రాసింది అబద్ధం కాదని తేలింది. 1931 సెప్టెంబరు 29న ఎస్టెవాన్‌లో బొగ్గుగని కార్మికుల ఊరేగింపు మీద పోలీసులు కాల్చి ముగ్గుర్ని చంపారు. 1935 జూలై 1న, పని కోసం రాజధానికి పోతున్న నిరుద్యోగుల్ని రెజీనాలో ఆపి చితకబాదారు. ఈ దెబ్బల్లోంచే రైతులూ కార్మికులూ కలిసిన సి.సి.ఎఫ్. పార్టీ పెరిగింది. 1944లో టామీ డగ్లస్ నాయకత్వాన ఆ రాష్ట్రంలో అధికారానికి వచ్చింది. ఉత్తర అమెరికా ఖండంలో సోషలిస్టులమని చెప్పుకునే మొదటి ప్రభుత్వం అదే. దానిని మేము నెత్తిన పెట్టుకోవటం లేదు. భూమి సంబంధాల జోలికి అది పెద్దగా పోలేదు. అయినా ఒక పని మాత్రం చెప్పి తీరాలి.

ఆ పల్లెల్లో పంచాయతీలు 1915 ప్రాంతం నుంచే డాక్టరుకి తామే జీతమిచ్చి పెట్టుకున్నాయి. లేకపోతే మంచులో పదిహేను మైళ్లు పోయి వైద్యం చేసే డాక్టరు దొరకడు. ఆ పల్లె అనుభవం మీదే 1962 జూలై 1న రాష్ట్రంలో అందరికీ వైద్యం ఉచితం అన్న చట్టం అమల్లోకి వచ్చింది. అదే రోజు డాక్టర్లు సమ్మెకి దిగారు. పత్రికలు, వ్యాపారసంఘాలు డాక్టర్ల వెనక నిలిచాయి. ఇరవై మూడు రోజులు జనం తట్టుకున్నారు, కొన్నిచోట్ల సొంత వైద్యశాలలు తెరుచుకున్నారు. చట్టం నిలిచింది, కొన్నేళ్లలో కెనడా దేశమంతటికీ పాకింది. ఈ పథకం మొలిచింది ధనిక పట్నంలో కాదు, అప్పుల్లో మునిగిన ఎండునేల పల్లెల్లో. మన ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుని ప్రైవేటు ఆస్పత్రి మెట్ల మీద పడిగాపులు పడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక పోగొట్టుకున్న కథ. క్రో రేటుని 1983లో ఎత్తేశారు, దాని బదులిచ్చిన సబ్సిడీని 1995లో ఎత్తేశారు. పట్టాలు లాభం లేవని పీకేశారు, చిన్న ఊళ్ల ఎలివేటర్లు మూతపడి కూలిపోయాయి. వీట్ పూల్ 1996లో వాటాలు బజారుకెక్కించి, సహకారం వదిలి, 2007లో విటెరా అనే కంపెనీ అయింది. దాన్ని 2012లో స్విట్జర్లాండుకి చెందిన గ్లెన్‌కోర్ కొన్నది. 2025 జూలైలో విటెరా అమెరికా ధాన్యం కంపెనీ బంగీలో కలిసింది. రైతులు సంతకం సంతకం కూడబెట్టి కట్టుకున్నది చివరికి అక్కడికి చేరింది.

గోధుమ బోర్డు సంగతి ఇంకా చిత్రం. 2011 సెప్టెంబరులో బోర్డు రైతుల ఓట్లు తీసుకున్నది. గోధుమ రైతుల్లో నూటికి 62 మంది బోర్డు ఒక్కటే అమ్మాలి అన్నారు. హార్పర్ ప్రభుత్వం ఆ ఓటుని లెక్కచెయ్యలేదు. డిసెంబరులో చట్టం చేసింది, 2012 ఆగస్టు 1 నుంచి బోర్డు ఏకైక అమ్మకపు హక్కు పోయింది. ఆ చట్టం పేరేమిటో తెలుసా? "ధాన్యరైతులకు మార్కెటింగు స్వేచ్ఛ" చట్టం! 2020లో మన నెత్తిన మూడు చట్టాలు పెట్టినప్పుడు, రైతు ఎక్కడైనా అమ్ముకునే స్వేచ్ఛ యిస్తున్నాం అనలేదూ? మాట కూడా మార్చలేదు. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పైగా కూచుని 2021 నవంబరులో మన రైతాంగం ఆ చట్టాల్ని వెనక్కి తీసుకునేట్టు చేసింది. సస్కాచెవాన్ రైతు చెయ్యలేకపోయాడు. ఎందుకు చెయ్యలేకపోయాడన్నది కొంచెం కిందికి చెప్పుకుందాం.

స్వేచ్ఛ వచ్చిన మరుసటేడే, 2013లో, రికార్డు పంట పండింది. బోగీలు రాలేదు. నూటపన్నెండేళ్ల కిందట ఏం జరిగిందో అదే జరిగింది. రేవులో ధర వుంది, పొలం దగ్గర ధర లేదు. మధ్యలో తేడా ధాన్యం కంపెనీల పెట్టెలోకి పోయింది. బోర్డు వుంటే రైల్వేతో బోర్డు తగువు పడేది. ఒంటిరైతు ఎవరితో పడతాడు? 2014 మార్చిలో ప్రభుత్వమే దిగివచ్చి రెండు రైల్వే కంపెనీలూ వారానికి చెరి ఐదులక్షల టన్నులు మొయ్యాలని ఆజ్ఞ వెయ్యవలసి వచ్చింది. బోర్డులో మిగిలినదాన్ని 2015లో అమ్మేశారు. సగానికి పైగా వాటా తీసుకున్నది బంగీ, ఒక సౌదీ కంపెనీ కలిసి పెట్టుకున్న సంస్థ.

ఎందుకు చెయ్యలేకపోయాడు? మనుషులు మిగల్లేదు గనక. 1936లో ఆ రాష్ట్రంలో కమతాలు 1 లక్షా 42 వేలు. 2021లో 34 వేలు. సగటు కమతం 1,700 ఎకరాలు దాటింది. ఈ అంకె చూసి వాళ్లంతా మన జమీందార్ల వంటివాళ్లు అనుకోవద్దు. ఒక్క కోతయంత్రమే లక్షల డాలర్లు, అంతా బ్యాంకు అప్పు మీదే. నూర్చేది, దున్నేది కుటుంబమే. అయినా వాళ్లంతా ఒకటని కూడా అనుకోవద్దు. మింగుతున్న రైతు వున్నాడు, మింగుడుపడుతున్న రైతు వున్నాడు. పక్కవాడి పొలం వేలానికొస్తే కొందామని కాచుకున్నవాడికి సంఘం మీద ధ్యాస వుండదు. 2013లో కెనడా ప్రభుత్వ పెన్షన్ నిధి ఒక్క దెబ్బకి 1 లక్షా 15 వేల ఎకరాలు కొన్నది. రైతులు గగ్గోలు పెట్టిన మీదట పెన్షన్ నిధులు భూములు కొనకుండా రాష్ట్రం చట్టం బిగించింది. కౌలు బెడద అక్కడికీ చేరిందన్నమాట.

మరి కూలీ? మన పత్రిక పాఠకులు ముందు అడిగే ప్రశ్న ఇదే కావాలి. పశువుల దొడ్లలో, పెద్ద కమతాల్లో జీతగాళ్లున్నారు. బయటి దేశాలనుంచి తాత్కాలిక పర్మిట్ల మీద తెచ్చుకున్న మనుషులూ వున్నారు. ఆ రాష్ట్రపు ఉద్యోగ చట్టంలో పనిగంటలకి హద్దు వుంది, అదనపు గంటలకి అదనపు కూలి వుంది, కనీస వేతనం వుంది. సేద్యంలో, పశుపాలనలో పనిచేసేవాళ్లకి ఇవి వర్తించవని అదే చట్టంలో రాశారు. బోర్డు పెట్టించిన రైతు, ఉచితవైద్యం తెచ్చిన రైతు తన కూలీ దగ్గరికొచ్చేసరికి చట్టం తలుపు మూసేశాడు. రైతుసంఘం కూలీని బయట నిలబెట్టి గెలిచింది ఏదీ కలకాలం నిలవలేదు, ఇక్కడా అక్కడా కూడా. మన రైతు నాయకుల్లో కొందరు ఉపాధిహామీ వల్ల కూలీలు దొరకటం లేదని మాట్లాడినప్పుడు మాకు ఈ సంగతే గుర్తుకొస్తుంది.

ఇప్పుడు పప్పు దగ్గరికి వద్దాం. 1970లో గోధుమ గుట్టలు గుట్టలు అమ్ముడుపోక, గోధుమ వెయ్యొద్దని కెనడా ప్రభుత్వమే రైతులకి డబ్బులిచ్చింది. ప్రత్యామ్నాయం వెతకటానికి సస్కటూన్ విశ్వవిద్యాలయంలో 1971లో పంటల అభివృద్ధి కేంద్రం పెట్టారు. ఆల్ఫ్రెడ్ స్లింకార్డ్ అనే శాస్త్రజ్ఞుడు అక్కడి చలికి, కొద్ది రోజుల కాలానికి తగిన చిరుపప్పు రకాలు తయారుచేశాడు. 1978లో లెయిర్డ్ రకం రైతుల చేతికొచ్చింది. ఇది కంపెనీ విత్తనం కాదు, ప్రజల డబ్బుతో తీసిన విత్తనం. ఏటా సగం భూమి బీడు పెట్టే అలవాటు తగ్గింది. పప్పుజాతి గనక నేలలో నత్రజని నిలిపింది. అదే రాష్ట్రంలో కనోలా అనే నూనెగింజ సంగతి వేరే దారి పట్టింది. విత్తనం దాచుకుని వేసుకున్నాడని పెర్సీ ష్మైజర్ అనే రైతు మీద మోన్‌శాంటో కేసు వేస్తే, 2004లో అక్కడి సుప్రీంకోర్టు పేటెంటు కంపెనీదే అన్నది, పైసా కట్టనక్కర్లేదని కూడా అన్నది. పత్తివిత్తనం కొనే మన రైతుకి ఆ రెండు పంటల తేడా విడమర్చి చెప్పనక్కర్లేదు.

మనం పప్పుకి పరాయివాళ్ల మీద పడటం ఎట్లా జరిగింది? 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలు తాకింది. పేదింట్లో పప్పు మానేశారు. ప్రభుత్వం ఏం చేసింది? వెయ్యండి వెయ్యండి అని ఇక్కడ రైతుని ఎగదోసింది, బయటినుంచి తెప్పించటానికీ తలుపులు బార్లా తెరిచింది. 2016-17లో ఇక్కడ పప్పులు విరగపండాయి, అదే ఏడు 66 లక్షల టన్నులు దిగుమతయ్యాయి. కందికి 5,050 మద్దతుధర అన్నారు, యార్డుల్లో అంతకి దిగువనే తెగింది. మన ఆర్డర్లు చూసుకుని 2016లో కెనడా రైతులు 50 లక్షల ఎకరాలు దాటి ఎర్రపప్పు వేశారు. 2017 నవంబరులో బఠాణీ మీద 50 శాతం, డిసెంబరులో ఎర్రపప్పు, శనగల మీద 30 శాతం సుంకం రాత్రికి రాత్రి వేశారు. అక్కడ ధర కూలింది. రెండేళ్లలో ఆ విస్తీర్ణం 40 లక్షల ఎకరాల దిగువకి పడిపోయింది. ఇక్కడి రైతుకి సుంకం ఆలస్యంగా వచ్చింది, అక్కడి రైతుకి చెప్పకుండా వచ్చింది. ఓడలున్నవాడికి, గోదాములున్నవాడికి మాత్రం రెండుసార్లూ నష్టం లేదు.

ఇదే ఆట మళ్లీ. 2023లో కందిపప్పు 150 దాటింది. ఎన్నికల ఏడు ముందుంది. ఆ డిసెంబరులో పసుపు బఠాణీకి సుంకం పూర్తిగా ఎత్తేశారు. మూడు నెలలకని చెప్పి పొడిగిస్తూ పొడిగిస్తూ 2025 అక్టోబరు దాకా లాక్కొచ్చారు. నవంబరు 1 నుంచి 30 శాతం వేశారు. అప్పటికే రేవుల్లో సరుకు దిగిపోయింది. ఆ ఏటి కందికి 8,000 మద్దతుధర ప్రకటించి, యార్డుల్లో అంతకి తక్కువకి అమ్ముకోనిచ్చారు.

కొందరు కూలి సోదరులు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు. "పప్పు చవకైతే మనకి మంచిదే గదన్నా, మనం కొనేవాళ్లమే గదా?" అని. న్యాయమైన ప్రశ్న, దాటెయ్యకూడదు. 2015లో 200, తర్వాత పతనం, 2023లో మళ్లీ 150. ఈ ఎగుడుదిగుడులో చవక ఎన్నాళ్లు నిలిచింది? ధర పడ్డ ఏడు రైతు కంది తీసేసి పత్తో మొక్కజొన్నో వేస్తాడు. కంది కోతకి, కట్టెలు కొట్టటానికి పోయే ఆడకూలీల పని రోజులు పోతాయి. తర్వాత పప్పు కరువొస్తే అదే కూలీ చారునీళ్లతో సరిపెట్టుకుంటుంది. చవకైన ఏడు పని లేదు, ప్రియమైన ఏడు పప్పు లేదు. అందుకే మద్దతుధరకి ప్రభుత్వం కొనటం, కొన్న పప్పు రేషనుషాపులో యివ్వటం ఒకే డిమాండుగా పెట్టాలని మేమంటున్నాం. రైతుసంఘం మొదటి సగమే అడిగి వూరుకుంటే కూలి కలిసిరాడు.

పొటాష్ గురించి కూడా నాలుగు మాటలు. మన ప్రభుత్వం వాడకానికి చాలినంత పొటాష్ ఈ దేశంలో తియ్యటం లేదు, బయటినుంచి కొనవలసిందే. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద నిలవలు సస్కాచెవాన్ మైదానాల కింద, కిలోమీటరు లోతున వున్నాయి. నూనె కోసం తవ్వుతూ వుంటే 1940లలో బయటపడ్డాయి. 1975లో అలన్ బ్లేకెనీ ప్రభుత్వం పొటాష్ కార్పొరేషన్ పెట్టి, గనుల్లో పెద్దభాగం కొని ప్రజలపరం చేసింది. 1989లో తర్వాతి ప్రభుత్వం దాన్ని అమ్మేసింది. 2018 నుంచి అది న్యూట్రియెన్ అనే కంపెనీలో భాగం. అక్కడి పెద్ద కంపెనీలు కెనడా, అమెరికాలకి బయట అమ్మేది కాన్‌పోటెక్స్ అనే ఒక్క సంస్థ ద్వారానే. గింజ అమ్మే రైతులు ఒక్క గుమ్మం పెట్టుకుంటే స్వేచ్ఛకి భంగం అన్నారు, ఎరువు అమ్మే కంపెనీలు ఒక్క గుమ్మం పెట్టుకుంటే వ్యాపారం అన్నారు! మన దగ్గర 2010లో ఎరువుల ధరల మీద అదుపు తీసేశాక, టన్ను 4,455 రూపాయల పొటాష్ 2012 నాటికి 16 వేలు దాటింది. రైతు పొటాష్ వెయ్యటం తగ్గించి యూరియా గుమ్మరించాడు, నేల దెబ్బతిన్నది.

బఠాణీ మీద చైనా కూడా 2025 మార్చిలో 100 శాతం సుంకం వేసింది. అటు చైనా, ఇటు మనం, మధ్యలో రైల్వే, పైన బంగీ. సస్కటూన్‌లో కేంద్రం వున్న అక్కడి జాతీయ రైతు యూనియన్ గోధుమ బోర్డు కోసం చివరిదాకా కొట్లాడింది, సంఖ్య తక్కువైనా ఇప్పటికీ వున్నది. వాళ్లకీ మనకీ మధ్య ఉత్తరాలు నడవాలి. ఏ నెలలో ఎంత సరుకు ఓడ ఎక్కుతున్నదో ఎగుమతిదారుకి ముందే తెలుసు, ఇక్కడ దిగుమతిదారుకి తెలుసు, కంది వేసే రైతుకి, కోసే కూలీకి మాత్రం తెలియదు. సుంకం మీద నిర్ణయం ఖరీఫ్ విత్తే ముందు, మే నెలాఖరులోగా ప్రకటించాలి, ఏడాది మధ్యలో మార్చకూడదు. ఇదీ వచ్చే నెల మండల సభల్లో తీర్మానంగా పెట్టవలసింది. వికారాబాద్, నారాయణపేట, కర్నూలు, ప్రకాశం జిల్లాల సంఘాలు కలిసి పెడితే బాగుంటుంది. కంది కోత కూలి రేటు, రేషన్ పప్పు కూడా అదే కాగితం మీద రాయాలి.